లింకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

1998 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో వరల్డ్ వైడ్ వెబ్ మీద ఏడవ అంతర్జాతీయ సమావేశం జరిగింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు, సెర్గీ బ్రిన్, లారెన్స్ పేజ్, ఆ సమావేశానికి ఒక పత్రం సమర్పించారు. తాము తయారుచేసిన సెర్చ్ ఇంజను లోపలి నిర్మాణం ఎలా ఉంటుందో వివరించే పత్రం అది. ఆ ఇంజను పేరు గూగుల్. అప్పటికి అది చదివి దాచుకున్నవి 2.4 కోట్ల వెబ్ పేజీలు. దాదాపు అదే కాలంలో వాళ్ళిద్దరూ తమ విశ్వవిద్యాలయ అధ్యాపకులు రాజీవ్ మోత్వానీ, టెరీ వినోగ్రాడ్‌లతో కలిసి మరో నివేదిక రాశారు. వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని కొలిచే 'పేజ్‌ర్యాంక్' అనే లెక్క వివరంగా ఉన్నది ఈ రెండో దానిలో. మోత్వానీ జమ్మూలో పుట్టి కాన్పూర్ ఐఐటీలో చదువుకున్న గణిత ప్రజ్ఞాశాలి. 2009లో మరణించారు.

ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టుకుని ఇప్పుడు మళ్ళీ చదవడానికి ఒక కారణం ఉంది. "నాణ్యమైన లింకులు నిర్మించి మీ వెబ్‌సైటును మొదటి వరసలోకి తెస్తాం" అనే వ్యాపారం ఇవాళ ప్రపంచమంతా ఉంది. మన దేశంలో డిజిటల్ మార్కెటింగు నేర్పే సంస్థల పాఠాల్లో అదొక అధ్యాయం. కళాశాల నుంచి బయటికి వచ్చిన కుర్రవాళ్ళకు దొరికే ఉద్యోగాల్లో అదీ ఒకటి. లింకుకు బజారులో ధర పలకడం మొదలైంది ఈ రెండు రచనల ఫలితంగానే. అలా జరుగుతుందని రాసినవారు ఊహించారా? ఊహిస్తే ఏమని సమాధానం చెప్పారు? ఆ సమాధానం నిలిచిందా? ఈ వ్యాసంలో చూడదలచుకున్నది ఇదీ.

ముందుగా ఆ రోజుల పరిస్థితి. 1995 డిసెంబరులో మొదలైన ఆల్టావిస్టా వంటి ఇంజన్లు ముఖ్యంగా పేజీలోని మాటలను చూసేవి. మీరు మలేరియా అని అడిగితే ఆ మాట ఏ పేజీలో ఉంది, ఎన్నిసార్లు ఉంది, శీర్షికలో ఉందా లేదా అని లెక్కగట్టి జాబితా ఇచ్చేవి. ఇందులో చిక్కు ఏమిటంటే, పేజీ గురించి సాక్ష్యం చెబుతున్నది ఆ పేజీయే. తన గొప్ప తాను చెప్పుకోవడానికి ఎవరికి మాత్రం అడ్డు? తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందసార్లు రాసి, మనిషి కంటికి కనపడకుండా యంత్రానికి మాత్రం కనపడేలా చేసినవాళ్ళు ఆ రోజుల్లోనే బయలుదేరారు. బ్రిస్బేన్ పత్రంలో ఒక సరదా సంగతి ఉంది. 1997 నవంబరు నాటికి, పేరుపొందిన నాలుగు వాణిజ్య సెర్చ్ ఇంజన్లలో, తన పేరు తనకే ఇచ్చి వెతకమంటే మొదటి పది ఫలితాల్లో తనను తాను చూపగలిగినది ఒక్కటేనట!

మన ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఏం చేస్తారు? అబ్బాయి తరఫువాళ్ళు చెప్పింది విని ఊరుకోరు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళను వాకబు చేస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్య మాటకన్నా పక్కింటివాళ్ళ మాటకు విలువ ఎక్కువ ఇస్తారు. ఎందుకంటే పెళ్ళి జరిగినా జరగకపోయినా పక్కింటివాళ్ళకు ఒరిగేదేమీ లేదు. ఆ చెప్పిన మనిషి నలుగురిలో గౌరవం ఉన్నవాడైతే ఆ మాట మీద ఇంక ఎవరినీ అడగరు. పేజ్‌ర్యాంక్ వెనకున్న ఆలోచన అచ్చంగా ఇదే. పేజీ తన గురించి ఏం చెప్పుకుంటున్నదని కాక, మిగతా పేజీలు దాన్ని ఎంతగా చూపిస్తున్నాయి, చూపిస్తున్నవాటి పరపతి ఎంత అని అడగడం. ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకును సాక్ష్యంగా, ఓటుగా తీసుకోవడం. అన్నట్టు, పేజ్‌ర్యాంక్‌లోని 'పేజ్' లారీ పేజ్ ఇంటిపేరు. వెబ్ పేజీ అనే అర్థం కూడా కలిసొచ్చింది.

ఇది ఆకాశం నుంచి ఊడిపడిన ఆలోచన కాదు. ఒక శాస్త్రపత్రాన్ని తరవాతి శాస్త్రజ్ఞులు ఎంతమంది ఉదహరించారో లెక్కపెట్టే సూచిక కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లోనే 'సైన్స్' పత్రికలో రాశారు. 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' ఆరంభించారు. అన్ని ఉదాహరణలూ సమానం కావనీ, పేరున్న పత్రికలో వచ్చిన ఉదాహరణకు ఎక్కువ బరువు ఇవ్వాలనీ 1976లో గేబ్రియల్ పిన్‌స్కీ, ఫ్రాన్సిస్ నారిన్ సూత్రం కట్టారు. వెబ్ దగ్గరికి వస్తే, తరవాత చైనాలో బైదు సంస్థను స్థాపించిన రాబిన్ లీ 1996లోనే లింకుల ఆధారంగా పేజీలకు వరస కట్టే పద్ధతి తయారుచేశారు. బ్రిస్బేన్ పత్రం వచ్చిన 1998లోనే జాన్ క్లైన్‌బర్గ్ మరో పద్ధతి ప్రతిపాదించారు. మంచి పేజీలు వేరు, మంచి పేజీలను చూపించే పేజీలు వేరు, రెండింటినీ విడివిడిగా కొలవాలన్నది అతని వాదం. లోతు విషయంలో క్లైన్‌బర్గ్ వాదమే ఒక మెట్టు పైన ఉన్నదని నా అభిప్రాయం. కానీ బ్రిన్, పేజ్‌లు కోట్ల పేజీల మీద నిజంగా పనిచేసే యంత్రాన్ని కట్టి చూపించారు. వాళ్ళ పత్రంలో సగం పైగా ఆ కట్టుబడి గురించే. డిస్కుల్లో స్థలం ఎలా మిగల్చాలి, లక్షల సైట్లను పలకరిస్తుంటే వాటి యజమానుల నుంచి వచ్చే కోపపు ఉత్తరాలకు ఏం చెప్పాలి లాంటి సంగతులు. ఆ భాగం ఇప్పటికీ హాయిగా చదివిస్తుంది.

కాగితం మీద లెక్క

లెక్కలోకి దిగుదాం. ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఒక పేజీ తెరిచాడు. దానిలోని లింకుల్లో ఒకదాన్ని ఏ ఆలోచనా లేకుండా నొక్కాడు. వచ్చిన పేజీలో మళ్ళీ అలాగే. ఇలా పోతూ పోతూ మధ్యలో విసుగు పుట్టి, లింకులతో సంబంధం లేకుండా వెబ్‌లో మరెక్కడికో దూకుతాడు. వందసార్లలో 85 సార్లు లింకు పట్టుకు వెళతాడు, 15 సార్లు దూకుతాడు అనుకుందాం. ఇతన్ని అనంతకాలం తిరగనిస్తే ఏ పేజీ మీద ఎక్కువసార్లు కనపడతాడో ఆ పేజీకి ఎక్కువ విలువ. బ్రిస్బేన్ పత్రంలోని సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది: తనకు లింకు ఇచ్చిన ప్రతి పేజీ విలువనూ ఆ పేజీ ఇచ్చిన మొత్తం లింకుల సంఖ్యతో భాగించాలి. అలా వచ్చినవన్నీ కూడాలి. దాన్ని 0.85తో గుణించి 0.15 కలపాలి. అదే ఆ పేజీ విలువ.

ఒక పేజీ విలువ తెలియాలంటే లింకు ఇచ్చినవాటి విలువ తెలియాలి, వాటి విలువ తెలియాలంటే వాటికి లింకు ఇచ్చినవాటి విలువ తెలియాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు లేదూ? గణితంలో దీనికి దారి ఉంది. మొదట అన్నిటికీ 1 అనుకుని లెక్క చేయండి. వచ్చిన జవాబులు పెట్టి మళ్ళీ చేయండి. కొన్ని విడతల తరవాత విలువలు కదలకుండా నిలబడతాయి. మాత్రికలు, వాటి ఐగెన్ సదిశలు చదువుకున్న బీఎస్సీ విద్యార్థులు ఇది ఎక్కడి సంగతో గుర్తుపట్టే ఉంటారు. 2.6 కోట్ల పేజీలకు ఒక మధ్యరకం వర్క్‌స్టేషన్ మీద కొద్ది గంటల్లో ఈ లెక్క తేలుతుందని పత్రం చెబుతున్నది.

ఇప్పుడు 'నాణ్యమైన లింకు' అనే మాటకు ఈ సూత్రంలో అర్థం ఏమిటో చూద్దాం. మీ పేజీకి ఎవరూ లింకు ఇవ్వలేదు. విలువ 0.15. బాగా పరపతి ఉన్న పేజీ ఒకటి, దాని విలువ 1000, అందులో లింకులు 50. అందులో ఒకటి మీకు వచ్చింది. మీకు చేరేది 1000ను 50తో భాగించి 0.85తో గుణించగా వచ్చే 17. అదే పేజీలో 500 లింకులు ఉంటే మీ వాటా 1.7 మాత్రమే. అందరినీ మెచ్చుకునేవాడి మెప్పుకు విలువ తక్కువ అన్నమాట. ఇంకో దారి చూద్దాం. ఎవరికీ తెలియని 100 ఖాళీ పేజీలు మీరే తయారుచేసి, ఒక్కొక్కదాని నుంచి మీ పేజీకి ఒకే ఒక్క లింకు పెట్టారు. ఒక్కొక్కటి 0.15లో 85 శాతం తెచ్చి ఇస్తుంది. మొత్తం 12.75. వంద దొంగ ఓట్లు కలిసినా ఒక పెద్దమనిషి మాటకు సరితూగలేదు. సూత్రం అందం ఇక్కడ ఉంది.

కానీ లెక్కను ఇక్కడ ఆపకూడదు. మీ పేజీ నుంచి ఆ 100 పేజీలకూ తిరిగి లింకులు ఇచ్చారనుకోండి. అప్పుడు మీరు వాటిని పెంచుతారు, అవి మిమ్మల్ని పెంచుతాయి. సమీకరణం సాధిస్తే మీ పేజీ విలువ 12.9 నుంచి దాదాపు 46.5కు చేరుతుంది. ఒంటె అందాన్ని గాడిద, గాడిద గాత్రాన్ని ఒంటె మెచ్చుకున్న కథ మీకు తెలిసిందే. ఈ సూత్రంలో వాటి పరస్పర ప్రశంసకు విలువ మూడున్నర రెట్లు పైగా పెరిగింది! తరవాతి కాలంలో 'లింకు ఫారాలు' అని పేరుపడిన వేలాది బూటకపు పేజీల గుంపులు వాడుకున్నది ఈ గుణాన్నే.

ఈ లెక్కలోనే పత్రంలోని మరో పొరపాటు కూడా బయటపడుతుంది. వెబ్‌లోని పేజీలన్నిటి విలువలూ కూడితే 1 వస్తుందని పత్రం చెబుతున్నది, సంభావ్యతలకు అలాగే రావాలి గనుక. మన 101 పేజీలనే కూడి చూడండి. మీ పేజీ 46.49, మిగతా వందా ఒక్కొక్కటి 0.545 చొప్పున 54.5, మొత్తం 101. అంటే మొత్తం పేజీల సంఖ్య వస్తున్నది. 0.15ను పేజీల సంఖ్యతో భాగించి ఉంటే వాళ్ళు చెప్పినట్టు 1 వచ్చేది. వరస మారదు కాబట్టి ప్రమాదమేమీ లేదు. అయినా వేల వ్యాసాల్లో ఉదహరించబడిన ఒక పత్రంలో, ఇంటర్ విద్యార్థి కాగితం మీద పట్టుకోగల తప్పు ఉన్నదంటే మీకూ చదవాలనిపిస్తుంది కదా!

ఖర్చు కాపలా కాస్తుందా?

బూటకపు పేజీల సంగతి ఈ రచయితలకు తెలియదా? తెలుసు. శాస్త్రపత్రాలకు పరీక్షకులు ఉంటారనీ, వెబ్ పేజీలకు అలాంటి వడపోత గానీ ముద్రణ ఖర్చు గానీ లేదనీ, చిన్న ప్రోగ్రాముతో ఎన్ని పేజీలైనా సృష్టించి ఉదాహరణల సంఖ్య పెంచుకోవచ్చుననీ రెండో నివేదిక మొదట్లోనే ఉంది. దానికి వాళ్ళు చూపిన విరుగుడు కూడా తెలివైనది. మన సంచారి విసుగు పుట్టినప్పుడు వెబ్‌లో ఎక్కడికి పడితే అక్కడికి దూకకుండా, నమ్మకమైన కొన్ని పేజీలకే దూకేలా చేయండి. అప్పుడు బూటకపు పేజీలకు పుట్టుకతో వచ్చే 0.15 ఉండదు. వంద సున్నాలు కలిపినా సున్నాయే. స్టాన్‌ఫర్డ్, యాహూ పరిశోధకులు 2004లో 'ట్రస్ట్‌ర్యాంక్' అనే పేరుతో ఈ దారినే మరింత ముందుకు తీసుకువెళ్ళారు.

అయితే అసలు వాక్యం ఆ తరవాత వస్తుంది. ఇలాంటి ర్యాంకును వ్యాపారులు వంచడం దాదాపు అసాధ్యమని నివేదిక అంటున్నది. మరీ అయితే ముఖ్యమైన సైట్లలో ప్రకటనల రూపంలో లింకులు కొనుక్కోవచ్చు, కానీ దానికి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి అది అదుపులోనే ఉంటుంది అని వాదం. రెండు రచనల్లోనూ నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపించే చోటు ఇదే.

ఎందుకో చూడండి. ఖర్చు ఒక పనిని ఆపాలంటే, ఖర్చుకన్నా రాబడి తక్కువ ఉండాలి. లింకు వల్ల ర్యాంకు, ర్యాంకు వల్ల కొనుగోలుదారులు వస్తున్నప్పుడు ఆ ఖర్చు పెట్టుబడి అవుతుంది. ఇంజను ఎంత ప్రజాదరణ పొందితే ఆ పెట్టుబడి అంత లాభసాటి అవుతుంది. అంటే ఈ పద్ధతి విజయమే దాని సాక్ష్యాన్ని పాడుచేస్తుంది. చిన్న గిన్నెలోని గోరువెచ్చటి నీళ్ళలో పెద్ద థర్మామీటరు ముంచితే నీళ్ళ ఉష్ణోగ్రతే మారిపోతుందని భౌతికశాస్త్రం చదివిన మీకు తెలుసు. 1998కి ముందు వెబ్‌లో లింకు పెట్టిన మనిషికి ర్యాంకు గురించిన ఆలోచన లేదు. నచ్చింది, పదిమందికి చూపించాలనిపించింది, పెట్టాడు. పక్కింటివాడి మాట అది. లింకుకు ఫలితం ఉన్నదని లోకానికి తెలిసిన మరుక్షణం పక్కింటివాడు పేరయ్యగా మారడం మొదలైంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఖర్చు అనే వడపోత మంచి పేజీని, చెడ్డ పేజీని వేరుచేయదు. డబ్బున్న పేజీని, లేని పేజీని వేరుచేస్తుంది. ఒక జిల్లాలోని ఉపాధ్యాయుడు కష్టపడి రాసిన మొక్కల పేజీకీ, ఎరువులు అమ్మే కంపెనీ పేజీకీ పోటీ పెట్టి, లింకుకు ధర ఉంది కాబట్టి అక్రమాలు జరగవు అనడం ఎంతవరకు సబబు?

విచిత్రమేమిటంటే డబ్బు సెర్చ్ ఇంజన్లను వంచుతుందని వీళ్ళకు బాగా తెలుసు. బ్రిస్బేన్ పత్రం చివర ఒక అనుబంధం ఉంది. ప్రకటనల ఆదాయంతో నడిచే ఇంజను సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని, వెతుకుతున్నవారి అవసరాలకు దూరమవుతుందని అందులో ఖండితంగా రాశారు. ఉదాహరణ కూడా ఇచ్చారు. తమ ఇంజనులో సెల్‌ఫోను అని వెతికితే, ఫోను వాడకం డ్రైవరు ఏకాగ్రత మీద చూపే ప్రభావం గురించిన అధ్యయనం పైన వచ్చిందట. సెల్‌ఫోను ప్రకటనల మీద బతికే ఇంజను అలాంటి పేజీని చూపించి సమర్థించుకోగలదా అని ప్రశ్న. ఇంజను యజమానిని డబ్బు ఎలా లోబరచుకుంటుందో అంత స్పష్టంగా చూసినవాళ్ళు, లింకు ఇచ్చే లక్షలాది మామూలు మనుషులను అదే డబ్బు లోబరచుకోదని ఎలా అనుకున్నారు? 2000 అక్టోబరులో గూగుల్ తానే ప్రకటనల పథకం మొదలుపెట్టిందన్నది వేరే కథ. దాని గురించి చాలామంది రాశారు.

లింకుకు ధర

ఆ తరవాత జరిగినది క్లుప్తంగా. 2000 డిసెంబరులో గూగుల్ ఇచ్చిన టూల్‌బారు ప్రతి పేజీకీ 0 నుంచి 10 వరకు ర్యాంకు అంకె చూపేది. పాఠకుడికి సాయంగా పెట్టిన ఆ అంకె లింకులు అమ్మేవాళ్ళకు ధరల పట్టిక అయింది. 2002లో ఓక్లహోమాలోని సెర్చ్‌కింగ్ అనే సంస్థ గూగుల్ మీద దావా వేసింది. ఎక్కువ ర్యాంకున్న సైట్లలో లింకులు అమ్మిపెట్టడం దాని వ్యాపారం. గూగుల్ తన ర్యాంకును తగ్గించి నష్టపరిచిందని ఆరోపణ. 2003లో కోర్టు దావా కొట్టివేసింది. పేజ్‌ర్యాంక్ అనేది గూగుల్ అభిప్రాయమనీ, అభిప్రాయ ప్రకటనకు అమెరికా రాజ్యాంగం రక్షణ ఇస్తుందనీ గూగుల్ చేసిన వాదన నెగ్గింది. కానీ 1998 రచనల్లో పేజ్‌ర్యాంక్‌ను పరిచయం చేసిన తీరు గుర్తు తెచ్చుకోండి. పేజీలను నిష్పాక్షికంగా, యాంత్రికంగా కొలిచే సాధనమని కదా అక్కడ చెప్పింది! అయిదేళ్ళలో కొలత అభిప్రాయంగా మారింది. ఏ లింకును లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదలాలి అని మనిషి నిర్ణయించడం మొదలుపెట్టాక అది అభిప్రాయమే. కోర్టు చెప్పిన మాటలో తప్పు లేదు. తప్పు ఉన్నదనుకుంటే మొదటి వర్ణనలోనే ఉంది.

ఖర్చు కాపలా ఎంత పనిచేసిందో చూడాలంటే 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టిన సంగతి చాలు. జె.సి.పెన్నీ అమెరికాలోని పాత, పెద్ద దుకాణాల సంస్థ. దుస్తులు, పరుపు దుప్పట్లు, తివాచీలు, ఏది వెతికినా పండగల నెలలంతా గూగుల్‌లో దానిదే పైవరస. ఆరా తీస్తే రెండు వేలకు పైగా పేజీల నుంచి దానికి లింకులు ఉన్నాయి. దుస్తుల లింకు పెట్టిన సైట్లలో ఒకటి అణు ఇంజనీరింగుకు, ఇంకొకటి జూదశాలలకు, మరొకటి బల్గేరియాలోని స్థలాల అమ్మకానికి సంబంధించినవి! తమకేమీ తెలియదని సంస్థ చెప్పి, ఆ పని చూస్తున్న కంపెనీని తొలగించింది. గూగుల్ చర్య తీసుకున్న సాయంత్రం 7 గంటలకు ఒక రకం సూట్‌కేసుల వెతుకులాటలో పెన్నీది మొదటి స్థానం. రెండు గంటల తరవాత 71వ స్థానం. ఈ కథలో నన్ను ఆలోచింపజేసేది శిక్ష కాదు. నెలల తరబడి యంత్రం దాన్ని పట్టుకోలేదు, ఒక పత్రికా విలేఖరి పట్టుకున్నాడు.

ఇంటి దీపమని ముద్దు పెట్టుకోలేరు కదా. 2012 జనవరిలో గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజరు పేజీని తానే కిందికి తోసుకోవలసి వచ్చింది. ప్రచారం కోసం డబ్బిచ్చి రాయించిన వ్యాసాల్లోంచి ఆ పేజీకి లింకు దొరికింది మరి. అదే ఏడాది ఏప్రిల్‌లో 'పెంగ్విన్' అనే మార్పుతో కొన్న లింకుల మీద యంత్రమే దాడి మొదలుపెట్టింది. అంతవరకు లింకులు పెట్టించుకోవడానికి డబ్బు ఇచ్చినవాళ్ళు ఇప్పుడు తీయించుకోవడానికి ఇవ్వసాగారు. 'ఈ లింకులు నావి కావు, లెక్కించవద్దు' అని చెప్పుకునే సదుపాయం ఆ అక్టోబరులో వచ్చింది. 2016 నుంచి పెంగ్విన్ చెడ్డ లింకులకు శిక్ష వేయడానికి బదులు చాలావరకు వాటిని లెక్కలోంచి వదిలేస్తున్నది. టూల్‌బారు అంకెను కూడా ఆ ఏడాదే తీసేశారు.

అంకె పోయినా అంకె మీద మోజు పోలేదు. కొన్ని ప్రైవేటు సంస్థలు సైట్లకు తమ సొంత లెక్కతో మార్కులు వేస్తున్నాయి. 'డొమైన్ అథారిటీ' అనేది వాటిలో ప్రసిద్ధమైనది. గూగుల్ దాన్ని వాడదని గూగుల్ వారే చెప్పినా, లింకుల బేరాలు ఆ మార్కుల మీదే సాగుతున్నాయి. ఈ వ్యాపారం ఇచ్చే నిర్వచనం ప్రకారం నాణ్యమైన లింకు ఎలా ఉండాలి? మార్కులు ఎక్కువున్న సైటు నుంచి రావాలి. మీ విషయానికి దగ్గరగా ఉండాలి. పేజీ అడుగున కాక వ్యాసం మధ్యలో ఉండాలి. లింకు మీది మాటలు సహజంగా ఉండాలి. ఇవన్నీ నిజంగానే మంచి లింకు లక్షణాలు. కానీ లక్షణం వేరు, కారణం వేరు. ఆరోగ్యవంతుడి బుగ్గలు ఎర్రగా ఉంటాయని బుగ్గలకు రంగు పూస్తే ఆరోగ్యం రాదు. మంచి లింకుకు ఆ లక్షణాలు ఎందుకు వచ్చాయి? ఆ విషయం తెలిసిన మనిషి, చదివి, తన పాఠకుడికి పనికొస్తుందని తోచి, వాక్యం మధ్యలో పెట్టాడు కాబట్టి. సెర్చ్ ఇంజన్లే లేని లోకంలో కూడా ఆ లింకు అక్కడ ఉండేది. నాణ్యతకు ఇంతకన్నా మంచి పరీక్ష నాకు కనపడలేదు. ఆ పరీక్ష పెడితే 'నిర్మించే' లింకుల్లో ఎక్కువ భాగం నిలవవు.

మరి సైటు పెట్టినవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. మీ కళాశాల విద్యార్థులు కలిసి ఊరి చెరువుల నీటిని ఏడాదంతా పరీక్షించి ఫలితాలు ఒక పేజీలో పెట్టారనుకుందాం. భూగర్భజలాల మీద రాసే వాళ్ళకు, పత్రికలకు, ఇతర కళాశాలలకు ఆ సంగతి తెలియజేయడంలో దోషమేమీ లేదు. లింకు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం ఇచ్చేవాడి చేతిలోనే ఉంది కదా. డబ్బిచ్చి ప్రకటన వేయించుకోవడం కూడా తప్పు కాదు. అది ప్రకటన అని యంత్రానికి తెలిపే గుర్తు పెట్టాలంతే. 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 'నోఫాలో' అనే గుర్తును ఒప్పుకున్నాయి. 2019లో గూగుల్ డబ్బిచ్చిన లింకులకు ప్రత్యేకంగా 'స్పాన్సర్డ్' గుర్తు చేర్చింది. అతిథి వ్యాసాల పేరుతో వచ్చేవాటి విషయం వేరు. ఎక్కడైనా వేయించుకోవడానికి రాసిన ఆ వ్యాసాల్లో విషయం కన్నా లింకుకే ప్రాధాన్యం. అలాంటి వ్యాసాలు అనువదించి పెట్టమని అడిగేవాళ్ళు మా బోటివాళ్ళకూ తగులుతుంటారు. ర్యాంకు కోసం అతిథి వ్యాసాలు రాసే పద్ధతికి కాలం చెల్లిందని గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ 2014 జనవరిలోనే ప్రకటించారు. ఆ వ్యాపారం మాత్రం ఆగలేదు.

శాస్త్రజ్ఞులు దీన్ని చూసి నవ్వడానికి లేదు. గార్‌ఫీల్డ్ సూచికకూ ఇదే గతి పట్టింది. ఒకరి పత్రికను ఒకరు మితిమీరి ఉదహరించుకుంటున్నాయని 2013లో నాలుగు బ్రెజిల్ పత్రికల 'ఇంపాక్ట్ ఫాక్టర్'ను నిలిపివేశారు. పరిశోధనలోకి వెళ్ళదలచుకున్న విద్యార్థులకు లింకు ఫారాల కథ తమ కథే అని ఏదో ఒకనాడు తెలుస్తుంది.

తక్కువ లింకులున్న భాష

నివేదిక రాసినవాళ్ళు ఆలోచించనిది ఇంకొకటి ఉంది. వాళ్ళ వెబ్ ప్రధానంగా ఇంగ్లీషు వెబ్. సంచారి తిరగడానికి అక్కడ దారులు లెక్కలేనన్ని. తెలుగులో అలా కాదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన దినపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారు వాడేవి. తెర మీద తెలుగు కనిపించినా యంత్రానికి అది అర్థంలేని అక్షరాల గుంపు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ తరవాతి కొన్నేళ్ళలో సొంత పేజీలు రాసుకునే తెలుగువారు పెరిగి, ఒకరికొకరు లింకులు ఇచ్చుకునే అలవాటు కొంత వచ్చింది. ఇప్పుడు ఆ అలవాటు పలచబడింది. ఒక మంచి వ్యాసం నచ్చిన తెలుగు పాఠకుడు ఏం చేస్తాడు? వాట్సాప్‌లో పదిమందికి పంపుతాడు. అదీ సాక్ష్యమే, పక్కింటివాడి మాటే. కానీ ఆ గోడల లోపలికి సెర్చ్ ఇంజను చూపు చేరదు. యంత్రానికి కనపడే సాక్ష్యం తక్కువైన చోట కొద్దిపాటి బూటకపు లింకులే త్రాసును వంచగలవు.

దొంగలకోసం వేసిన తాళం ఇంటివాళ్ళకు కూడా అడ్డం పడిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు వికీపీడియా 2007 జనవరిలో బయటి సైట్లకు ఇచ్చే లింకులన్నిటికీ నోఫాలో గుర్తు తగిలించింది. లింకుల వ్యాపారులు ఆ విజ్ఞానసర్వస్వాన్ని ముంచెత్తకుండా అది అవసరమే. కానీ ఎందరో మనుషులు చూసి, చర్చించి, నిలిపి ఉంచిన లింకులు అవి. వెబ్‌లో 1998 నాటి నిస్వార్థ లింకుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నవి అవే. వాటి నోరే నొక్కవలసి వచ్చింది. 2019 నుంచి ఆ గుర్తును ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే తీసుకుంటామని గూగుల్ చెబుతున్నది.

లింకుల ప్రాధాన్యం మునుపటికన్నా తగ్గిందని గూగుల్ ప్రతినిధులు ఇటీవలి సంవత్సరాల్లో అంటున్నారు. ఇప్పటి ఇంజను వందల సంకేతాలను కలిపి చూస్తుంది. వాక్యాల అర్థాన్ని కూడా కొంత పట్టుకుంటుంది. అందువల్ల 1998 సూత్రం పాతబడిన మాట నిజం. అయితే కొత్త సంకేతాల్లో దేనికైనా 'ఇది బయటపడ్డాక కూడా సాక్ష్యంగా మిగులుతుందా?' అనే ప్రశ్న తప్పదు. పాత రచనలు రెండూ దానికి మంచి పరీక్షా స్థలం.

రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది. మాత్రికలు తెలిసినవారు మొదట పేజ్‌ర్యాంక్ నివేదిక చదవండి. అందులో సంచారిని నమ్మకమైన పేజీలకు దూకించే భాగాన్ని రెండుసార్లు చదవండి, ఖర్చు గురించిన వాక్యం అక్కడే ఉంది. గణితం వద్దనుకునేవారు బ్రిస్బేన్ పత్రాన్ని చివరి నుంచి, ప్రకటనల అనుబంధం దగ్గర మొదలుపెట్టవచ్చు. ప్రోగ్రాము రాయడం వచ్చినవారు ఒక పని చేయవచ్చు. మీ కళాశాల సైటులోని పేజీలను, వాటి మధ్య ఉన్న లింకులను పట్టికగా రాసుకుని, పేజ్‌ర్యాంక్ లెక్క వేయండి. ఏ పేజీ పైకి వస్తుందో ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.